ఖాతాలో ఖతా: ఒక నికాహ్ రిజిస్టరు, కొన్ని ఎర్రర్ కోడ్‌ల తారీఖ్



ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ ఇమ్లా చెప్పేటప్పుడు రెండు మాటల దగ్గర తప్పకుండా ఆగేవారు. ఒకటి ఖాతా, రెండోది ఖతా. కాఫ్‌కి దోచష్మీ హే తగిలిస్తే లెక్కల పుస్తకం. ఖే, తోయ్ రాస్తే తప్పు, పొరపాటు. "లెక్క రాయమంటే తప్పు రాసి తెచ్చాడు చూడండి" అని మా పలకలు పైకెత్తి క్లాసంతా నవ్వించేవారు. తర్వాత తెలుగులో డిగ్రీ చదివేటప్పుడు గమనించాను, మన తెలుగు లిపిలో ఆ రెంటికీ తేడా ఒక్క దీర్ఘమే. ఆ దీర్ఘం విలువ ఎంతో నాకు 2014లో తెలిసింది.

మా నానిహాల్ భోగాపురం దగ్గర. చెన్నై - కోల్‌కతా హైవే దిగి సముద్రం వైపు వెళ్తే కొబ్బరి, జీడి తోటల మధ్య ఓ చిన్న మొహల్లా. ముప్పై గడపలు, ఒక మస్జిద్, దాని వెనక ఖబ్రస్తాన్. మస్జిద్ బీరువాలో ఒక నికాహ్ రిజిస్టరు ఉండేది. 1951లో మొదలైన పుస్తకం. వరుస నంబరు, తారీఖు, దుల్హా పేరు, దుల్హన్ పేరు, వలీ, ఇద్దరు గవాహ్‌లు, మెహర్, చివర నికాహ్ చదివిన వారి దస్తఖత్. అంతా ఉర్దూలో, నీలం సిరాతో. ఆ పుస్తకానికి మా మామూజాన్ కాపలాదారు. చేతులు కడుక్కోనిదే ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

2014 ఎండాకాలం సెలవులకు వెళ్లినప్పుడు నాకో ఆలోచన వచ్చింది. కాగితం చివికిపోతోంది, దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పోలా అని. ల్యాప్‌టాప్‌లో మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ పెట్టుకుని, మామూ చదువుతుంటే నేను టైప్ చేశాను. పదకొండు రోజుల్లో 113 నికాహ్‌లు. ఎక్కడా ఒక్క ఎర్రర్ రాలేదు. "మాషా అల్లాహ్, యంత్రం కూడా మన మాట వింటోంది" అన్నారు మామూ. నేనూ మురిసిపోయాను. ఎక్కించినవాటిని తిరిగి తెరిచి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మస్జిద్ పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. బీరువా రెండు రోజులు నీళ్లలో నానింది. నీటికి నీలం సిరా ఎంతసేపు ఆగుతుంది? మొదటి పుస్తకం లేత నీలిరంగు అట్టల కట్టలా మిగిలింది. 1974 నుంచి రాసిన రెండో పుస్తకం పై అరలో ఉండబట్టి బతికింది.

"ఫికర్ చేయకండి మామూ, అంతా నా దగ్గరుంది" అని ఫోన్లో ధైర్యం చెప్పి ల్యాప్‌టాప్ తెరిచాను. నంబర్లున్నాయి. తారీఖులున్నాయి. మెహర్ మొత్తాలున్నాయి. పేర్లుండాల్సిన చోట మాత్రం ఇలా ఉంది: ???? ??. కింద ?????? ???. 113 వరుసల్లోనూ ఇంతే. మా బుజుర్గులందరూ ప్రశ్నార్థకాలైపోయారు. హైవే మీది ఇంటర్నెట్ షాపు కుర్రాడు తొంగి చూసి, "ఏటి సార్, మీ ఊరోళ్లంతా ప్రశ్నలైపోనారు?" అన్నాడు. వాడు నవ్వుతూ అన్నాడు గానీ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అప్పట్లో మై ఎస్‌క్యూఎల్ తనంతట తానుగా ఎంచుకునే అక్షరాల పట్టిక పేరు లాటిన్1. అందులో పశ్చిమ ఐరోపా అక్షరాలున్నాయి, అంకెలున్నాయి. అలిఫ్ బే లేవు, అ ఆలూ లేవు. మనం ఉర్దూలో పేరు పంపిస్తే, తనకు తెలియని ప్రతి హర్ఫ్ స్థానంలోనూ ఒక ప్రశ్నార్థకం పెట్టి భద్రంగా దాచుకుంటుంది. లోపల ఒక హెచ్చరిక నమోదవుతుంది, మనం అడిగితే తప్ప చూపించదు. స్ట్రిక్ట్ మోడ్ అనే కట్టుదిట్టం పెట్టి ఉంటే "1366, ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ" అని మొదటి పేరు దగ్గరే ఆపేసేది. ఆ కట్టుదిట్టం లేదు కాబట్టి సరేనంది. యానీ, యంత్రం మన మాట విననే లేదు. విన్నట్టు తల ఊపింది, అంతే.

ఆ రోజు నుంచి ఎర్రర్ కోడ్ అంటే నాకు భయం పోయింది. కోడ్ చూపించే తప్పు దోస్తు లాంటిది. చప్పుడు చేయని తప్పే దుష్మన్. ఈ సంగతి కంప్యూటర్ల కంటే చాలా ముందే కనిపెట్టినవాళ్లున్నారు. వాళ్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

హదీసు పండితులకు ఒక చిక్కు ఉండేది. ఒక మాట ఫలానావారు ఫలానావారి నుంచి విన్నారు, ఆయన ఇంకొకరి నుంచి విన్నారు, అలా రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దాకా ఒక గొలుసు ఉంటుంది. దాన్నే ఇస్నాద్ అంటారు. గొలుసు పూర్తిగా కలిసి ఉంటే ముత్తసిల్. తెగితే? "తెగింది" అని ఊరుకోలేదు వాళ్లు. ఎక్కడ తెగిందో దాన్ని బట్టి పేరు పెట్టారు. సంకలనం చేసినవాడి వైపు మొదట్లో తెగితే ముఅల్లఖ్. నడుమ ఒక కొక్కెం లేకపోతే మున్‌ఖతె. వరసగా రెండు పోతే ముఅ్‌దల్. అవతలి కొసన, తాబియీ తర్వాత సహాబీ పేరు లేకపోతే ముర్సల్. 1245లో డమాస్కస్‌లో కన్నుమూసిన ఇబ్నుస్సలాహ్ తన గ్రంథంలో హదీసు శాస్త్రాన్ని 65 రకాలుగా విభజించి చెప్పారు. వాటిలో నన్ను కదిలించినది తద్‌లీస్. గొలుసులో తెగిన చోటును తెగనట్టుగా కనిపించేలా చెప్పడం. పండితులు దాని మీద ప్రత్యేకంగా ఓ కన్నేసి ఉంచారు. తెగినట్టు తెలిసిన గొలుసును ఇంకో రివాయత్‌తో సరిచూసుకోవచ్చు, తెగలేదనిపించే గొలుసుతో ఏం చేయగలం? నా డేటాబేస్ చేసింది ఒక రకంగా తద్‌లీసే.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. భోగాపురం ఉన్న ఈ ప్రాంతం గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో చికాకోల్ సర్కారు. చికాకోల్ అంటే నేటి శ్రీకాకుళం. అక్కడి జామియా మస్జిద్‌ను ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించారు. ఆ పాలన పోయి చాలా కాలమైంది గానీ దాని దఫ్తరం మన నాలుక మీద అలాగే ఉంది. జిల్లా, తహశీల్దారు, జమాబందీ, దస్తావేజు, దాఖలా, రసీదు, వసూలు, బాకీ, హక్కు, ఫిర్యాదు. తహశీల్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ ఏ రైతైనా, ముస్లిమైనా కాకపోయినా, పూటకు పాతిక ఫార్సీ, అరబీ మాటలు మాట్లాడతాడు. ఆ మాటకొస్తే రైతు కూడా రఈయత్ నుంచి వచ్చిన మాటే.

దఫ్తరం చేతులు మారినప్పుడల్లా ఎక్కడో ఒక కొక్కెం ఊడుతూ వచ్చింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. 1765లో మొఘల్ బాదుషా షా ఆలం ఫర్మానా ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది, 1766లో నిజాంతో సంధి కుదిరింది. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. అదే ఏడాది 29వ రెగ్యులేషన్ ద్వారా గ్రామ లెక్కలు రాసే కరణాల విధులను చట్టంలో పెట్టింది. ఇన్ని మార్పుల మధ్య పాత సనదుల మీద నడుస్తున్న ఇనాములు ఎవరివి? మస్జిదులకు, దర్గాలకు, గుళ్లకు, ఖాజీలకు, ఊరి పనివాళ్లకు ఇచ్చిన భూముల సబూత్ ఏది? ఈ సవాల్ తేల్చడానికే మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. దాని కమిషనర్ జి.ఎన్. టైలర్. ప్రతి ఇనామును విచారించి, ఒప్పుకున్నవాటిని ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఎక్కించి, టైటిల్ డీడ్ నంబరు ఇచ్చారు. ఈనాటికీ కోర్టుల్లో వక్ఫ్ భూమి తగాదా వస్తే వకీలు మొదట అడిగేది ఆ టి.డి. నంబరే. నూట అరవై ఏళ్ల కిందట ఎవరో గుమాస్తా రాసిన ఒక్క వరుస మీద ఇవాళ్టి ఖబ్రస్తాన్ నిలబడి ఉంటుంది. ఆ వరుసలో మస్జిద్ పేరుకు బదులు అప్పటి సేవకుడి సొంత పేరు పడితే? అప్పుడు ఏ గంటా మోగదు. రెండు తరాల తర్వాత మనవలు పంచుకునేటప్పుడు మోగుతుంది. అది మా ప్రశ్నార్థకాల జాతి తప్పే.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. వంశపారంపర్యం పోవడం మంచిదే. ఐతే పుస్తకాలు ఆఫీసుకు చేరాయి గానీ, ఏ సర్వే నంబరు ఏ చింతచెట్టు దగ్గరుందో కరణం తలలో ఉన్న సూచిక ఎవరికీ అప్పగింత కాలేదు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి, 2011లో మీసేవ వచ్చింది, 2015లో మీభూమి వచ్చింది. కాగితం నుంచి తెరకు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు చూసి టైప్ చేశారు. నేను మా మామూ పక్కన కూర్చుని చేసినట్టే.

2025 రమజాన్ తర్వాత రెండోసారి ప్రయత్నం మొదలుపెట్టాను. ఈసారి సామాన్లు రెండు. బతికిన రెండో పుస్తకం ఒకటి, ఇంటింటికీ తిరిగి సేకరించిన నికాహ్‌నామా నకళ్లు ఇంకొకటి. అక్షరాల పట్టిక యూటీఎఫ్8ఎంబీ4 పెట్టాను. అందులో ఉర్దూ, తెలుగు రెండూ హాయిగా ఒదుగుతాయి. స్ట్రిక్ట్ మోడ్ వేశాను. ఇక ఎర్రర్లు వరస కట్టాయి, అల్‌హమ్దులిల్లాహ్. మీలో చాలామంది పిల్లలు ఇదే పని చేసే ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లకిది పాత పాఠమే. ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా ఒక్కొక్కటీ చెబుతాను.

మొదటి రోజు పొద్దున్నే వచ్చింది 2003. సర్వర్‌తో కనెక్ట్ కాలేకపోతున్నాను అని. పక్కనే బ్రాకెట్లో 10061. ఇంటర్నెట్ షాపు కుర్రాడు వెంటనే, "మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసీమంటారా?" అన్నాడు. ఆగమన్నాను. ఆ 10061 విండోస్ ఇచ్చే జవాబు. మనం ఇంటిదాకా వెళ్లాం, తలుపూ కొట్టాం, లోపల పలికేవాళ్లు లేరని దాని అర్థం. అంటే దారి బాగానే ఉంది. సర్వీసు నడవడం లేదు, లేదా మనం వేరే తలుపు కొడుతున్నాం. మై ఎస్‌క్యూఎల్ మామూలుగా 3306 అనే పోర్టు దగ్గర కూర్చుంటుంది. చూస్తే రాత్రి ల్యాప్‌టాప్ ఆపి వేశాక సర్వీసు మొదలే కాలేదు. మొదలుపెట్టగానే పని జరిగింది. మొత్తం తీసేసి ఉంటే లోపలి డేటా కూడా పోయేదేమో. కోడ్ చదవకుండా మందు వేయకూడదు.

తర్వాత 1045, యాక్సెస్ డినైడ్. ఈసారి లోపల మనిషి ఉన్నాడు, "నువ్వెవరు?" అంటున్నాడు. పాస్‌వర్డ్ సరైనదే కొడుతున్నానని గంటసేపు వాదించాను. తీరా చూస్తే కీబోర్డు ఉర్దూలోనే ఉండిపోయింది. పాస్‌వర్డ్ తెర మీద కనబడదు కదా, నేను ఇంగ్లీషు అక్షరాలు అనుకుని నొక్కుతున్నవి సీన్, షీన్‌లు అయిపోతున్నాయి. తలుపు దగ్గర నిలబడి తప్పు పేరు చెబుతూ, తెరవలేదని కోప్పడ్డాను.

మూడోది 1062, డూప్లికేట్ ఎంట్రీ. ఒకే నంబరు రెండుసార్లు వచ్చిందని. వరుస నంబరు రెండుసార్లు రాకూడదని నేనే నియమం పెట్టాను. కానీ మా బుజుర్గులు 1974లో కొత్త పుస్తకం తెరిచినప్పుడు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. యంత్రం చెప్పింది నిజం, ఒకటో నంబరు నికాహ్‌లు రెండున్నాయి. పుస్తకం నంబరు, వరుస నంబరు రెండూ కలిపి ఒక గుర్తుగా పెడితే సర్దుకుంది. భూమి లెక్కలోనూ ఇంతే. సర్వే నంబర్లు ప్రతి ఊళ్లోనూ ఒకటి నుంచే మొదలవుతాయి. ఊరి పేరు లేని సర్వే నంబరు, ఖాందాన్ పేరు చెప్పని అబ్దుల్లా ఒకటే.

నాలుగోది 1452, ఫారిన్ కీ ఎర్రర్. నేను ఖాందాన్‌లకు ఒక పట్టిక, నికాహ్‌లకు ఇంకో పట్టిక పెట్టాను. నికాహ్ ఎక్కించాలంటే ఆ ఇద్దరి ఖాందాన్‌లూ ముందే ఉండాలి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కోడలి పుట్టింటిని నేను ఎక్కించలేదు. "ఈ అమ్మాయి ఎవరి బిడ్డో చెప్పు, అప్పుడు రాసుకుంటాను" అంది యంత్రం. మామూ పకపకా నవ్వి, "మన ఖాజీ సాబ్ కూడా ఇదే అడిగేవారు" అన్నారు.

ఒకరోజు బ్యాటరీ అయిపోయి మధ్యలో ల్యాప్‌టాప్ ఆరిపోయింది. తెరిచి చూస్తే నికాహ్ ఎక్కింది, గవాహ్‌లు ఎక్కలేదు. గవాహ్‌లు లేని నికాహ్ ఏమిటి? దీనికి మందు ట్రాన్సాక్షన్. అన్నీ కలిపి ఒక మూటగా పంపిస్తాం, చివర కమిట్ అంటేనే ఖాయం. నడుమ ఏది ఆగినా మొత్తం వెనక్కి పోతుంది. మామూకి చెప్పడానికి నాకు కష్టమే కాలేదు. ఈజాబ్, ఖుబూల్ ఒకే మజ్లిస్‌లో జరగాలి. ఈజాబ్ చెప్పాక మజ్లిస్ లేచిపోతే సగం నికాహ్ మిగలదు, అసలు నికాహే లేదు.

ఈ కోడ్‌లకు కూడా ఒక తారీఖ్ ఉంది. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే గణితజ్ఞుడు ఒక వ్యాసం రాశారు. సమాచారాన్ని సాదా పట్టికలుగా పెట్టండి, ఒక పట్టికను మరో పట్టికతో కలపడానికి రెండింటిలోనూ ఉన్న విలువే చాలు, లోపల దారాలు కట్టనక్కర్లేదు అన్నది దాని సారం. రిలేషనల్ డేటాబేస్‌లన్నీ ఆ వ్యాసం సంతానమే. మొదట్లో ఒక్కో కంపెనీ తన ఇష్టమొచ్చిన ఎర్రర్ నంబర్లు పెట్టుకుంది. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం అందరికీ కలిపి ఐదక్షరాల కోడ్ తెచ్చింది. మొదటి రెండక్షరాలు తరగతి, తర్వాతి మూడు వివరం. 08తో మొదలైతే కనెక్షన్‌లో తేడా. 28 అయితే నువ్వెవరో తేలలేదు. 23 అయితే నీ సమాచారమే నియమం తప్పింది. ముఅల్లఖ్, మున్‌ఖతె అని పేర్లు పెట్టినవాళ్ల పద్ధతే మళ్లీ పుట్టింది. తెగిందని చెబితే చాలదు, ఎక్కడ తెగిందో చెప్పాలి.

ఆ 08 తరగతిలోనే ఉంటుంది 1040, టూ మెనీ కనెక్షన్స్. నా ల్యాప్‌టాప్‌కి ఇద్దరమే కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. మై ఎస్‌క్యూఎల్ మామూలుగా ఒకేసారి 151 కనెక్షన్లను ఒప్పుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్లను తలుపు దగ్గరే ఆపేస్తుంది. పెద్ద సైట్లకు ఇంకా పెద్ద ఏర్పాట్లుంటాయి గానీ, ఎంత పెద్ద హౌజుకైనా ఈద్ నమాజు వేళ వజూ కోసం ఊరంతా ఒక్కసారి వస్తే ఇరుకే.

ఇరుకు ఎలా ఉంటుందో మన మిల్లత్ 2025 చివర్లో చూసింది. కొత్త వక్ఫ్ సవరణ చట్టం కింద దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలను ఎక్కించడానికి కేంద్రం జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచింది. గడువు ఆరు నెలలు. ఒకరు ఎక్కించాలి, ఒకరు సరిచూడాలి, ఇంకొకరు ఆమోదించాలి. నవంబర్ వచ్చేసరికి సైటు మందగిస్తోందని, ఆగిపోతోందని ముతవల్లీల నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. గడువు పెంచమని వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు డిసెంబర్ 1న ఒప్పుకోలేదు, ట్రైబ్యునల్‌ను ఆశ్రయించమంది. డిసెంబర్ 6న గడువు ముగిసేసరికి 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలైతే, ఆమోదం పొందినవి సుమారు 2 లక్షల 17 వేలని మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఈ అనుభవంలో నాకు కనిపించిన సబఖ్ ఒక్కటే. సైటు ఆగితే తెర ఫొటో, తారీఖు, వేళ, కోడ్ దాచుకున్న ముతవల్లీ ట్రైబ్యునల్ ముందు సబూత్‌తో నిలబడతాడు. "సర్వర్ డౌన్ అండీ" అని ఇంటికి వచ్చేసినవాడి చేతిలో మాట తప్ప ఏమీ ఉండదు.

ఇక ఈ కథలో అసలు మనిషి దగ్గరికి వస్తాను. మాకు దూరపు చుట్టం, నేను ఖాలా అని పిలుస్తాను. పేరు రాయను. భర్త 2019లో గుజరిపోయారు. ఇక్కడ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లు లేచి పునరావాస కాలనీలకు వెళ్లాయి. చుట్టుపక్కల నేల ధర రెక్కలు కట్టుకుంది. హైవే పక్కన ఖాలా భర్తకు ఉన్న కొద్ది సెంట్ల మీద అందరి కళ్లూ పడ్డాయి. మరిది కొడుకులు ఒకరోజు వచ్చి అన్నారట: "చిన్నమ్మా, నీకు పిల్లల్లేరు. నికాహ్ అయినట్టు కాగితం ఏదైనా ఉందా?" యాభై ఏళ్లు ఆ ఇంట్లో వండిపెట్టిన మనిషిని అడిగిన మాట అది. పిల్లల్లేని బేవాకు భర్త తర్కాలో నాలుగో వంతు హక్కు ఉంది. నికాహ్ రుజువైతేనే ఆ హక్కు. నికాహ్ రాసిన మొదటి పుస్తకం హుద్‌హుద్‌లో పోయింది. నా దగ్గరున్నవి ప్రశ్నార్థకాలు.

ఆమె తమ్ముడి ఇంట్లో ఇనప్పెట్టె అడుగున, వాళ్ల వాలిద్ కుట్టించిన గుడ్డ సంచిలో నికాహ్‌నామా నకలు దొరికింది. చెదలు సగం తినేశాయి. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పైన వరుస నంబరు 84 ఉంది. తారీఖు, మెహర్, గవాహ్‌ల పేర్లు చెదల పాలు. కాగితం ఒక్కటే చూస్తే, "ఎప్పటిదో, ఎక్కడిదో" అనొచ్చు.

ఆ రాత్రి నేను పాత డేటాబేస్ తెరిచి 84వ వరుస తీశాను. నంబర్లు ప్రశ్నార్థకాలు కాలేదు, గుర్తుంది కదా? లాటిన్1కి అంకెలు తెలుసు. తారీఖు 16-6-1968. మెహర్ 525 రూపాయలు. దుల్హన్ పేరు దగ్గర ???? ??. ఒక హర్ఫ్‌కు ఒక ప్రశ్నార్థకం, మాటకూ మాటకూ మధ్య ఖాళీ చెక్కుచెదరదు. ఖాలా పేరు ఉర్దూలో నాలుగు హర్ఫ్‌లు. పక్కన బీ, అంటే బే, యే, రెండు. దుల్హా పేరు లెక్కపెట్టాను. వలీ పేరు లెక్కపెట్టాను. ఒక్క హర్ఫ్ తేడా లేదు. నకలులో పేర్లున్నాయి, తారీఖు లేదు. నా దగ్గర తారీఖు ఉంది, పేర్లు లేవు. రెండింటినీ కలిపింది 84. రెండు పట్టికలను కలపడానికి రెండింటిలోనూ ఉన్న ఒక్క విలువ చాలన్న కాడ్ మాట భోగాపురంలో ఒక ఇనప్పెట్టె ముందు నాకు మళ్లీ అర్థమైంది.

పొద్దున్నే ఖాలాను అడిగాను, మెహర్ ఎంత అని. అప్పటికి ఆమెకు నేనేమీ చెప్పలేదు. "ఐదొందల పాతిక. ఇచ్చారు కూడా. దాంతోనే కుట్టుమిషను కొన్నాను బేటా" అంది.

నా ప్రశ్నార్థకాలు ఒంటరిగా సబూత్ కావని నాకు తెలుసు. నకలు, 84వ వరుస, ఆ నికాహ్‌లో షర్బత్ పంచిన ఒక ముసలాయన గవాహీ, ఖాలా చెప్పిన మెహర్, ఈ నాలుగూ జమాత్ పెద్దల ముందు పెట్టాం. గొలుసు ఒకచోట తెగితే ఇంకో గొలుసు తెచ్చి పక్కన పెట్టినట్టు. మరిది కొడుకుల్లో పెద్దవాడు చాలాసేపు కాగితం చూసి, తలదించుకుని, "మాఫ్ చేయి చిన్నమ్మా" అన్నాడు. నాలుగో వంతు రాసిచ్చారు.

113 నికాహ్‌లలో ఇలా నకళ్లతో జత కుదిరినవి ఇప్పటికి 61. మిగతా 52 వరుసల్లో పేర్లు ఇంకా ప్రశ్నార్థకాలే. నేను వాటిని చెరిపేయలేదు, ఊహించి నింపనూ లేదు. పక్కన ఒక గడి పెట్టి "పేరు దొరకలేదు, 2014 టైపింగ్ ఖతా" అని రాశాను. ఆ తప్పు నాదే. నాదని రాసి ఉంటేనే రేపు ఎవరైనా వెతుకుతారు.

మీ మొహల్లాలోనూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. వీలైతే ఈ జుమా తర్వాత తీయండి. ముందు ప్రతి పేజీ ఫొటో తీయండి, టైపింగ్ తర్వాత. టైప్ చేసిన రోజే మూసి, మళ్లీ తెరిచి, పేర్లు పేర్లుగా ఉన్నాయో లేదో పైకి చదివి చూడండి. రెండు కాపీలు రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి. ఎర్రర్ వస్తే చిరాకు పడకుండా కోడ్ రాసుకోండి, అది తెగిన చోటు చూపించే వేలు. ఏ ఎర్రరూ రాకపోతే ఇంకోసారి చూడండి.

మామూజాన్‌కు ఇప్పుడు చూపు ఆనదు. ఎక్కించిన ప్రతి పేరూ నాతో పైకి చదివించుకుంటారు. ఖాలా పేరు వచ్చినప్పుడు మాత్రం, "ఇంకోసారి చదువు బేటా" అంటారు.

ఖుదా హాఫిజ్.